నాలుగడుగుల చెక్క

పిల్లల ఎత్తు గుర్తుపెట్టుకోవడానికి గోడ మీద గీతలు గీయడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. తలుపు వారన నిలబెట్టడం, నెత్తి మీద స్కేలు ఆనించడం, ఒక పెన్సిలు గీత, పక్కన తేదీ. గోడతో వచ్చిన చిక్కల్లా అది మన వెంట రాకపోవడమే. సంక్రాంతికి సున్నం కొట్టిస్తే గీతలు పోతాయి. అద్దె ఇల్లు ఖాళీ చేస్తే అవి ఇంటివాళ్ళకు మిగిలిపోతాయి. బదిలీల ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులకైతే ఒక్కో ఊరి గోడ మీద ఒక్కో ముక్క ఉండిపోతుంది. అవన్నీ ఒకచోట చేరి, బిడ్డ ఎలా ఎదిగిందో చెప్పే వీలుండదు.

చెక్క కొలబద్ద ఆ లోటు తీరుస్తుంది. ఇల్లు మారేటప్పుడు మంచాలతో, బీరువాతో పాటు అదీ బండెక్కుతుంది. దుకాణాల్లో బొమ్మలు వేసి, వార్నిష్‌తో మెరిపించి అమ్మేవాటి ధర విని ఆగిపోయినవాళ్ళ కోసం ఈ అధ్యాయం. ఈ వస్తువులో విలువైనది చెక్క కాదు. గీతలు సరైన చోట పడాలి. బిడ్డని ఆ గీతల దగ్గర సరిగ్గా నిలబెట్టాలి. ఏళ్ళ తరబడి మానకుండా కొలవాలి. వీటికి పైసా ఖర్చు లేదు, శ్రద్ధ మాత్రం కావాలి. బంగారు రంగు అంకెలున్న పలకనైనా గోడకి రెండు సెంటీమీటర్లు ఎత్తుగా కొడితే అది అలంకారమవుతుంది గాని కొలబద్ద కాదు.

చెక్క ఎంత కావాలి, ఎక్కడ దొరుకుతుంది

చాలామంది ఆరడుగుల పలక కోసం వెతుకుతారు. అంత అక్కర్లేదు. రెండేళ్ళు నిండని పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, నిలబెట్టి కాదు. ఆసుపత్రుల్లో, అంగన్‌వాడీ కేంద్రాల్లో చేసేదీ అదే. రెండేళ్ళు నిండేసరికి బిడ్డ ఎత్తు మామూలుగా 85 సెం.మీ. చుట్టుపక్కల ఉంటుంది. మరీ పొట్టిగా ఉన్న బిడ్డ కూడా 70 దాటే ఉంటుంది. అంటే నేల నుంచి మొదటి 60 సెం.మీ. మేర ఎప్పటికీ ఒక్క గుర్తు కూడా పడదు. ఆ భాగానికి కలప కొనడం దండగ. 60 నుంచి 180 దాకా ఉంటే చాలు. అది 120 సెం.మీ., నాలుగడుగులకు రెండు సెంటీమీటర్లు తక్కువ.

అడితిలో కలపని ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. చిత్రిక పట్టాక ముప్పావంగుళం మందం మిగలాలంటే అంగుళం మందం ఉన్న చెక్క తీసుకోవాలి. నాలుగడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం కలిస్తే ఘనపుటడుగులో ఆరో వంతు. దుకాణదారు ఘనపుటడుగుకు ఎంత చెప్పినా దాన్ని ఆరుతో భాగించండి. 900 రూపాయలు చెప్పే కలపైతే మీ చెక్క 150కి వస్తుంది. 4,200 చెప్పే టేకైనా 700 దాటదు. ఈ లెక్క చేతిలో ఉంటే బేరం దగ్గర తడబడనక్కర్లేదు.

కొనకుండానే దొరికే దారులు ఇంకా మంచివి. ఎక్కడైనా ఇల్లు కడుతుంటే ద్వారబంధాలు, కిటికీలు చేసే వడ్రంగి దగ్గర తెగముక్కలు పోగుపడి ఉంటాయి. నాలుగడుగుల ముక్క ఆయనకి దేనికీ పనికిరాక పక్కన పడేసిందే అయివుంటుంది. విషయం చెప్పి అడిగితే చాలామంది కాదనరు. చిన్న మొత్తం తీసుకుని చిత్రిక కూడా పట్టి ఇస్తారు. పాత ఇళ్ళు పడగొట్టిన సామాను అమ్మే దుకాణాల్లో తలుపు చెక్కలు, అటక పలకలు దొరుకుతాయి. పాత తలుపుల్లో ఉండే టేకు ఏళ్ళకేళ్ళు ఆరి ఉంటుంది కాబట్టి ఇక వంకర తిరగదు. ఊళ్ళో తాతల నాటి ఇంటి తలుపో, విరిగిన మంచం తలాపు పలకో మూలన పడి ఉంటే ముందు దాన్ని చూడండి. దానికంటే మంచి చెక్క ఏ అడితిలోనూ దొరకదని నా నమ్మకం.

పాత చెక్కతో ఒక జాగ్రత్త ఉంది. రంగు వేసి ఉన్నదాన్ని ఇంట్లో గోకకండి, ఉప్పు కాగితంతో రుద్దకండి. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేం. పిల్లల మెదడుకి సీసం చేసే హాని పెద్దది. అందుకని రంగు పడని పలకనే ఎంచుకోవాలి.

పారిశ్రామికవాడల దగ్గర సామాను ప్యాకింగ్‌కి వాడి వదిలేసిన పైన్ చెక్కలు చవగ్గా అమ్ముతారు. 1,200 మిల్లీమీటర్ల పొడవున్న ప్యాలెట్లు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి, అంటే మనకి కావలసిన 120 సెం.మీ. సరిగ్గా దొరుకుతుంది. వాటి మీద కాల్చిన ముద్ర ఒకటి ఉంటుంది. అందులో హెచ్‌టీ అన్న ఇంగ్లిషు అక్షరాలుంటే చెక్కని వేడితో శుద్ధి చేశారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం, దాన్ని ఇంట్లోకి తేవద్దు. ముద్రే లేనిదాన్నీ వదిలెయ్యండి.

ఏ కలపైనా మూడు పరీక్షలు చాలు. పలకని ఒక కొన నుంచి పట్టుకుని ఒంటికంటితో అంచు వెంట చూస్తే వంకర బయటపడుతుంది. సూది మోపినంత రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టిందన్నమాట. నార పొడవునా సాగి ఉందో లేదో కూడా చూడండి. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు గాని కొలబద్దకి అదే ప్రాణం. వానాకాలంలో కలప ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుంటుంది. ఆ మార్పంతా నారకి అడ్డంగా ఉంటుంది. నార వెంట, అంటే పొడవునా, లెక్కలోకి రానంత తక్కువ. అందుకే చెక్క మీద గీసిన సెంటీమీటరు పదేళ్ళకైనా సెంటీమీటరుగానే ఉంటుంది.

టేకు, వేప, మామిడి, పైన్ ఏదైనా పనికొస్తుంది. వేపకి పురుగు త్వరగా పట్టదు, మామిడికి పడుతుంది. ప్లైవుడ్ దుకాణంలో మిగిలిన 18 మిల్లీమీటర్ల ముక్క దొరికినా తీసుకోండి. అందం కాస్త తక్కువైనా వంకర తిరగదు. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకి వాడే అంకుడు కర్ర చేతిపనికి పేరుపడ్డవే గాని, అవి మెత్తనివి. ఏళ్ళ తరబడి గోడకుండే పలకకి వాటిని వెతుక్కుంటూ పోనవసరం లేదు.

గీతలు

ఉప్పు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి, 120, ఆపైన 220 నంబరుతో ముగించండి. నార వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరలు పడి తర్వాత రంగులో తేలతాయి. అంచుల పదును పోయేలా బాగా నున్న చేయండి, అక్కడికి చేరేవి పసి చేతులు. మేకు రంధ్రాలుంటే లప్పం పెట్టి ఆరనివ్వండి. గీతలు వేయడానికి ముందే వార్నిష్ పల్చగా ఒక పూత వేయాలి. పచ్చి చెక్క మీద మార్కరు పెడితే సిరా నార వెంట పాకి గీత లావెక్కుతుంది. ఆ పూత ఆరాక చెక్క వెనకవైపు ఒక గీత గీసి చూసుకుని, అది పాకకపోతేనే ముందువైపుకి రండి.

కొలతకి బట్టలు కుట్టేవాళ్ళ టేపు వాడొద్దు, అది సాగుతుంది. ఇనుప టేపు కొనన ఉండే కొక్కెం కాస్త వదులుగా కదులుతుంటుంది. అది పాడై కాదు, కొక్కెం మందం కొలతలోకి రాకుండా అలా చేస్తారు. అయినా మన పనికి కొక్కేన్ని నమ్ముకోకుండా, టేపు మీది 10 గీతని చెక్క కింది అంచుకి సరిపెట్టి అక్కణ్ణుంచి లెక్కించడం మంచిది. చెక్క కింది అంచు అంటే మన కొలబద్దలో 60. టేపుని ఒక్కసారి చెక్క పొడవునా పరిచి, కదలకుండా రెండు చోట్ల బిగించి, అన్ని గుర్తులూ ఒకే పరుపులో పెట్టేయాలి. చిన్న స్కేలుని పది పది సెంటీమీటర్లు జరుపుకుంటూ పోతే ప్రతి జరుపులో పడే అర మిల్లీమీటరు తప్పు పన్నెండు జరుపులకి అరసెంటీమీటరు దాటుతుంది. అరసెంటీమీటరంటే బిడ్డ ఒక నెలలో ఎదిగేంత.

ప్రతి సెంటీమీటరుకి పొట్టి గీత, అయిదుకి కొంచెం పొడుగు, పదికి ఇంకాస్త పొడుగు పెట్టండి. గీతలు అడ్డంగా తిన్నగా రావడానికి వడ్రంగుల మూలమట్టం ఒక గంట అరువు అడగండి, లేకపోతే అట్టబౌండు పుస్తకం మూల సరిపోతుంది. మార్కరు చెరిగిపోతుందన్న బెంగ ఉంటే గీత ఉన్నచోట రంపపు బ్లేడుతో సన్నగా గాటు పెట్టి, అందులో మార్కరు నింపండి. ఆ గాటు చెక్క ఉన్నంతకాలం ఉంటుంది.

ఎడమ పక్కన సెంటీమీటర్లు, కుడి పక్కన అడుగులు వేయమని నా సలహా. డాక్టరు సెంటీమీటర్లలో అడుగుతారు, అమ్మమ్మ అడుగుల్లో అడుగుతుంది. మూడడుగుల గీత 91.4 దగ్గర, నాలుగడుగులది 121.9 దగ్గర, అయిదడుగులది 152.4 దగ్గర పడుతుంది. అంకెలు తెలుగులో వేస్తే మరీ బాగుంటుంది. ౭౦, ౮౦, ౯౦ అని పెద్దగా రాసి పక్కనే చిన్నగా మామూలు అంకెలు వేయండి. బడిలో నేర్పని ఆ పది గుర్తులు బిడ్డకి రోజూ కనిపించి వాటంతటవే వచ్చేస్తాయి. బొమ్మలు వేయాలనిపిస్తే కింద, మొదటి పది సెంటీమీటర్లలో వేసుకోండి. పైనంతా ఖాళీ ఉంచితేనే తేదీలకీ పేర్లకీ చోటుంటుంది.

అన్నీ అయ్యాక వార్నిష్ మరో రెండు పూతలు వేయండి. డబ్బా మీద సీసం లేదని రాసి ఉండాలి. కొందరు అవిసె నూనె పట్టిస్తారు. అది చెక్కకి మంచి నిగ్గు తెస్తుంది. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ముద్దగా చుట్టి మూల పడేయకండి. నూనె ఆరుతూ వేడి పుట్టించి గుడ్డ దానంతటదే అంటుకునే ప్రమాదముంది. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వాలి.

నిలబెట్టడం

మనం కింద 60 సెం.మీ. చెక్క మిగుల్చుకున్నాం కాబట్టి ఒక తోడు కర్ర కావాలి. సన్నటి కర్రని సరిగ్గా 60 సెం.మీ.కి కోసి సిద్ధం చేసుకోండి. గోడకి కొలబద్ద బిగించేటప్పుడు ఈ కర్రని నేల మీద నిలువుగా పెట్టి, దాని పైకొన మీద చెక్క కింది అంచు ఆనించి, అక్కడే రంధ్రాల గుర్తులు పెట్టాలి. ఈ కర్రని పారేయకండి, ఇల్లు మారేటప్పుడు కొలబద్దతో పాటే తీసుకెళ్ళండి. రేపు మరో ఊళ్ళో మరో ఇంట్లో టేపు వెతుక్కోకుండా కొలబద్ద మళ్ళీ అదే ఎత్తులో నిలుస్తుంది. గచ్చు ఎత్తుపల్లాలుగా ఉండే ఇళ్ళుంటాయి గనక బిడ్డ నిలబడే చోటనే కర్ర పెట్టాలి.

చెక్క నిటారుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీ దగ్గర రసమట్టం ఉంటే సరే, లేకపోతే దారానికి బరువు కట్టి వేలాడదీస్తే అదే చెబుతుంది. పైనా కిందా ఒక్కో స్క్రూ, గోడలో ప్లాస్టిక్ ప్లగ్గులు పెట్టి గట్టిగా బిగించండి. టేకు పలకైతే రెండు కిలోల పైనే తూగుతుంది. జిగురు టేపుతో అంటించి పిల్లల్ని దాని కింద నిలబెట్టకూడదు.

మేకు కొట్టనివ్వని అద్దె ఇళ్ళున్నాయి. అలాంటి చోట చెక్క కింది అంచుకి దిగువన సరిగ్గా 60 సెం.మీ. మిగిలేలా రెండు పొడుగు కర్రలు చెక్క వెనక కాళ్ళలా స్క్రూలతో బిగించండి. మామూలప్పుడు బీరువా వెనక పడుకోబెట్టి, కొలిచే రోజున బయటికి తీసి, గడియ వేసిన తలుపు రెక్కకి ఆనించి నిలబెట్టి ఒకరు పట్టుకోవాలి. తలుపు దగ్గర స్కర్టింగ్ అడ్డు రాదు. నిటారుగా నిలబెట్టాలి గాని వాల్చకూడదు. 180 సెం.మీ. ఎత్తున్న కొలబద్ద అడుగుభాగాన్ని 30 సెం.మీ. ముందుకు లాగి వాల్చితే, పైన 180 గీత నేల నుంచి 177.5 దగ్గరే ఉంటుంది. అంత ఎత్తున్న బిడ్డకి లేని రెండున్నర సెంటీమీటర్లు చెక్క కలిపేస్తుంది.

కొలిచే రోజు

పొద్దున్నే కొలవండి. మనిషి ఎత్తు రోజంతా ఒకేలా ఉండదు. వెన్నుపూసల మధ్య మెత్తలు పగలంతా ఒంటి బరువుకి అణిగి, సాయంత్రానికి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గిస్తాయి. రాత్రి పడుకున్నాక తిరిగి కోలుకుంటాయి. పోయినసారి పొద్దున, ఈసారి ఆటలయ్యాక సాయంత్రం కొలిస్తే రెండు నెలల ఎదుగుదల మాయమైనట్టు కనిపిస్తుంది. పొద్దున వీలుకాకపోతే ఏ వేళైనా పర్వాలేదు గాని, ప్రతిసారీ అదే వేళ కావాలి.

చెప్పులు, సాక్సులు విప్పించండి. జడ నెత్తి మీదుంటే విప్పేయాలి, పిలక, క్లిప్పులు తీసేయాలి. చెక్క మందం కారణంగా గోడకీ బిడ్డ వీపుకీ మధ్య రెండు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. అదే చెక్కలో మిగిలిన తెగముక్కని కింద గోడ వారన పెడితే మడమలు దానికి ఆనతాయి. మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనకభాగం ఒకే వరసలో ఉండాలి. బొద్దు పిల్లలకి నాలుగూ ఒకేసారి ఆనవు, బలవంతపెట్టి వంచొద్దు. మోకాళ్ళు తిన్నగా ఉంచి, చేతులు వదులుగా వేలాడేయమనండి.

అన్నిటికంటే తల పెట్టిన తీరే కొలతని ఎక్కువగా మారుస్తుంది. పిల్లలు ఎత్తు కనిపించాలని గడ్డం పైకెత్తుతారు. అలా ఎత్తితే నడినెత్తి వెనక్కి వాలి, నిజానికి ఎత్తు తగ్గుతుంది. కంటి గుంట కింది అంచు, చెవి రంధ్రం పై అంచు నేలకి సమాంతరంగా ఒకే గీతలో ఉండాలి. ఎదురుగా గోడ మీద ఏదో ఒక బొమ్మ చూపించి దాన్నే చూడమంటే తల దానంతటదే సర్దుకుంటుంది.

తల మీద ఆనించేదానికి స్కేలు, అట్ట పనికిరావు. అవి ఏ కాస్తయినా వాలిపోతాయి. తెగముక్కలు రెంటిని మూలమట్టానికి తగ్గట్టు లంబంగా మేకులతో కలపండి. ఒక చెక్క కొలబద్దకి అతుక్కుని జారాలి, రెండోది నెత్తి మీద జుట్టుని అణచేంత గట్టిగా దిగాలి. మీ కన్ను దానికి సమంగా ఉండేలా వంగి లేదా మోకాళ్ళ మీద కూర్చుని చదవండి. పైనుంచి చూసి చదివితే అంకె మారిపోతుంది. బిడ్డని పక్కకి రమ్మని, మళ్ళీ నిలబెట్టి రెండోసారి కొలవండి. రెండింటికీ అరసెంటీమీటరుకి మించి తేడా వస్తే మూడోసారి కొలవాలి.

నెలనెలా కొలవాలని మనసు లాగుతుంది. లొంగకండి. మూడేళ్ళ నుంచి యుక్తవయసు మొదలయ్యేదాకా పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెం.మీ. ఎదుగుతారు, నెలకి అరసెంటీమీటరు చొప్పున. ఎంత జాగ్రత్తగా కొలిచినా ఇంట్లో కొలతకి ఉండే తప్పూ దాదాపు అంతే. కాబట్టి నెలకోసారి పెట్టిన గీత ఎదుగుదలని చెప్పదు. కొన్ని నెలలు గీత కిందికి దిగినట్టు కనిపించి బిడ్డ ముఖం చిన్నబోతుంది. ఆరునెలలకోసారి చాలు. పుట్టినరోజుకి ఒకటి, ఆర్నెల్లు తిరిగాక ఒకటి.

ఇలా పిల్లల్ని కొలిస్తే దిష్టి తగులుతుందని, ఎదుగుదల ఆగిపోతుందని అనే పెద్దవాళ్ళు ఇళ్ళలో ఉంటారు. పడుకున్న పిల్లల్ని దాటితే పొడుగవరనే మాట కూడా వాళ్ళదే. వాళ్ళతో వాదన పెట్టుకోకండి. ఆ మాటల వెనక ఉన్నది బిడ్డ బాగుండాలన్న ఆరాటమే. "నాయనమ్మా, నువ్వే గీత గియ్యి" అని పెన్సిలు ఆవిడ చేతికిస్తే సరిపోతుంది. దిష్టి తీశాకే కొలుద్దామంటే అలాగే కానివ్వండి.

గీతల్ని చదవడం

ఫ్రాన్స్‌లో గెనో ద మోంబెయార్ అనే ఆయన 1759లో పుట్టిన తన కొడుకుని 1777 దాకా క్రమం తప్పకుండా కొలిచాడు. ఆయన స్నేహితుడు, ప్రకృతి శాస్త్రవేత్త బ్యూఫోన్ ఆ అంకెల్ని తన గ్రంథంలో అచ్చు వేశాడు. ఒకే బిడ్డని పుట్టిన దగ్గర్నుంచి పెద్దయ్యేదాకా కొలిచిన మొట్టమొదటి పట్టికగా దాన్ని శరీర ఎదుగుదల శాస్త్రం ఇప్పటికీ ఉదాహరిస్తుంది. ఆ పట్టిక విలువ ఎక్కడుందో చూడండి. ఆ పిల్లాడు ఎంత పొడుగయ్యాడన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏ వయసులో ఎంత వేగంగా ఎదిగాడన్నదే అందరూ చూస్తారు. పసితనంలో చాలా వేగం, తర్వాత నెమ్మది, పద్నాలుగేళ్ళ దగ్గర మళ్ళీ ఒక దూకుడు, ఆపైన ఆగిపోవడం. మీ చెక్కనీ అలాగే చదవాలి. ఎత్తుని కాదు, గీతకీ గీతకీ మధ్య ఎడాన్ని చూడండి.

పుట్టినప్పుడు దాదాపు 50 సెం.మీ. ఉన్న బిడ్డ ఏడాదికి 75, నాలుగేళ్ళకి ఇంచుమించు 100 అవుతుంది. నాలుగేళ్ళ దగ్గర్నుంచి యుక్తవయసు దాకా ఏ ఏడాదైనా ఎడం 4 సెం.మీ. కంటే తగ్గితే పిల్లల వైద్యుణ్ణి కలవండి. అంతకుముందు వరసగా వచ్చిన ఎడాలు చటుక్కున సన్నబడినా అంతే. థైరాయిడ్ లోపం, గోధుమ పడకపోవడం వల్ల వచ్చే పేగు జబ్బు, ఎదుగుదల హార్మోను తక్కువగా ఉండటం లాంటివి చాలాసార్లు ముందు ఎత్తులోనే బయటపడతాయి. తొందరగా కనిపెడితే చికిత్సకి సమయం ఉంటుంది. యుక్తవయసు దాటి ఎముకల కొనలు పూడుకున్నాక ఏ మందూ, ఏ పొడీ ఎత్తు పెంచలేదు.

"మా వంశంలో అందరూ పొట్టే" అని సరిపెట్టుకోవడం నాకు అసలు నచ్చని అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల పిల్లల్ని కొలిపించింది. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. తల్లిపాలు, సరైన తిండి, శుభ్రమైన ఇల్లు ఉన్న చోట అయిదేళ్ళదాకా అన్ని దేశాల పిల్లలూ దాదాపు ఒకేలా ఎదిగారని తేలింది. 2006లో వచ్చిన ఎదుగుదల ప్రమాణాలకి పునాది అదే. మరోవైపు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేరు. ఆ తేడాలో పెద్ద భాగం వంశానిది కాదు, పళ్ళెంలో పడే తిండిదీ, పదేపదే వచ్చే విరేచనాలదీ. అంగన్‌వాడీ టీచరు నెలనెలా బిడ్డని కొలుస్తానంటే అది ఆ కేంద్రం పని మాత్రమే అనుకోకుండా తీసుకెళ్ళండి. అక్కడ వేలమంది లెక్కతో పోల్చి చూస్తారు, మన చెక్క ఆ పని చేయలేదు.

వంశం ప్రభావం పెద్దయ్యాక వచ్చే ఎత్తులో ఉంటుంది. తల్లి ఎత్తునీ తండ్రి ఎత్తునీ కూడి, మగపిల్లాడైతే 13 సెం.మీ. కలిపి, ఆడపిల్లయితే 13 తీసేసి, సగం చేయండి. తండ్రి 168, తల్లి 154 అయితే కొడుకు 167.5, కూతురు 154.5 దగ్గరికి రావచ్చు. అటూ ఇటూ ఏడెనిమిది సెంటీమీటర్లు మామూలే. ఈ లెక్క డాక్టరు కూడా వేస్తారు. బిడ్డకి మాత్రం చెప్పకండి, చెప్తే ఆ అంకెని లక్ష్యంగా పెట్టుకుని కుంగిపోతుంది.

ఇద్దరు పిల్లలుంటే ఇద్దరి గీతలూ ఒకే వరసలో పెట్టొద్దు. ఎడమ అంచు ఒకరికి, కుడి అంచు ఒకరికి ఇవ్వండి. అక్క పదకొండేళ్ళకి చటుక్కున ఎదిగితే తమ్ముడు పదమూడు పద్నాలుగేళ్ళదాకా ఆగవచ్చు. ఆడపిల్లల్లో ఆ దూకుడు రెండేళ్ళు ముందే వస్తుంది. "నీ వయసుకి అక్క ఇంత ఉండేది" అన్న మాట మీ ఇంట్లో వినపడకూడదు. చుట్టాలు అంటే అక్కడే ఆపేయండి. బిడ్డని మెచ్చుకోవలసి వస్తే "పోయిన పుట్టినరోజు నుంచి ఎంత ఎదిగావో చూడు" అని వేలితో ఎడం చూపించండి. రాయడం వచ్చిన ఏడాది నుంచి తేదీ బిడ్డ చేతే వేయించండి. వంకర అక్షరాలైనా దిద్దకండి. కొలతల్ని ఒక నోటుపుస్తకంలో కూడా ఎక్కించండి. చెక్కకి చెదలు పట్టినా అంకెలు ఉంటాయి, డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళడానికీ అదే వీలు.

చివరగా ఒక మాట. 180 దాకా గీతలున్నాయి గనక ఇంట్లో పెద్దవాళ్ళనీ ఏడాదికోసారి నిలబెట్టి నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకోండి. వయసు మీరాక కాస్త కుంగడం సహజమే. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెం.మీ. దాకా తగ్గితే మాత్రం వెన్నుపూసలు గుల్లబారి నొప్పి తెలియకుండానే నలిగి ఉండవచ్చు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. అమ్మమ్మ పాత పాస్‌పోర్టులోనో, ఉద్యోగం నాటి వైద్య పత్రంలోనో ఎత్తు రాసి ఉంటుందేమో వెతికి, ఆ అంకెని ఆ పేజీ మొదటి వరసలో రాయండి. ఈ ఏడాది అంకె దాని కిందికి చాలా దిగి ఉంటే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సాంద్రత పరీక్ష చేయించండి.